పావుగంట ముందున్న ఇల్లు

పోయిన నెల అమ్మా నాన్నగారూ లాల్‌దర్వాజా ఇల్లు ఖాళీ చేసి మా ఫ్లాటుకు వచ్చేశారు. ఇన్నేళ్లుగా అద్దెకున్న ఆ ఇంటిని ఓనరుగారి మనవలు పడగొట్టి అంతస్తులు లేపుతారట. సామానంతా వ్యానులో ఎక్కించాం గానీ, ఒక్క వస్తువును మాత్రం నాన్నగారు ఎవరి చేతికీ ఇవ్వలేదు. లోలకం విడదీసి చేతిసంచీలో వేసుకుని, గోడ గడియారాన్ని పాత దుప్పట్లో చుట్టి, కారులో దారి పొడవునా ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. దిగీ దిగగానే, మంచినీళ్లు కూడా తాగకుండా, "దీనికి మేకు ఎక్కడ కొడతావురా?" అన్నారు. మా ఫ్లాటు గోడల్లోకి మేకు దిగదు. డ్రిల్లు కావాలి, డ్రిల్లున్న మనిషి సాయంత్రం గానీ రాడు. అందాకా గడియారాన్ని సోఫాలో ఓ మూల కూర్చోబెట్టాం. దానికి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుంటే నాకు నవ్వాగలేదు. నా జీవితంలో నేను పూర్తిస్థాయి వెధవనైన వారం ఒకటుంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా పైనుంచి చూసిన సాక్షి ఈ గడియారమే.

నాన్నగారిది కోస్తా. సర్కారు ఆఫీసులో ఉద్యోగం, బదిలీ మీద హైదరాబాదు వచ్చి, ఎవరో చూపించిన వాటా నచ్చి లాల్‌దర్వాజాలో దిగారు. వచ్చిన కొత్తలోనే ఆయనకు ఒక సంగతి బోధపడింది. ఇంటినుంచి బస్సుస్టాపు ఎంతో దూరం లేదు, కానీ ఆ కాస్త దూరంలో ఏదో ఒకటి అడ్డం పడకుండా ఉండదు. ఒకరోజు పెళ్లి బరాత్, ఒకరోజు బర్రెల మంద, ఒకరోజు సందు నిండా అడ్డంగా నిలబెట్టిన అరటిపళ్ల బండి. బండాయన బేరంలో ఉంటాడు, జరగమంటే "హావ్ సాబ్, దో మినిట్" అంటాడు. ఆ దో మినిట్‌లో బస్సు వెళ్లిపోతుంది. అందుకని నాన్నగారు పాతబస్తీకి రోజూ ఇచ్చుకోవాల్సిన పావుగంటను ముందుగానే తీసి పక్కన పెట్టేశారు. ఇంట్లో గడియారాలన్నీ పావుగంట ముందుకు తిప్పేశారు. గోడ గడియారం, అలారం, చేతి వాచీ, చివరికి అమ్మ పెళ్లినాటి చిన్న వాచీ కూడా. ఆదివారం పొద్దున తలంటు పోసుకుని, నుదుట విభూతి ఆరకముందే స్టూలెక్కి గోడ గడియారానికి కీ ఇచ్చేవారు. వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన, బయట మహంకాళి గుడివైపు నుంచి సాంబ్రాణి, గడియారం అద్దం తలుపు తీయగానే అందులోంచి నూనె వాసన. ఆ మూడూ కలిస్తే మాకు ఆదివారం. రేడియోలో వార్తల ముందు వచ్చే కూతకు సరిగ్గా పావుగంట కలిపి ముల్లు దిద్ది, మిగిలిన గడియారాలను దానితో సరిపెట్టేవారు.

ఇంటికొచ్చిన ప్రతి మనిషీ గోడ చూసి ఉలిక్కిపడేవాడు. అమ్మ వంటింట్లోంచే, గరిట ఆపకుండా, "కంగారు పడకండి, మా గడియారాలు పావుగంట ముందుంటాయి" అని కేకేసేది. నమస్కారానికి, మంచినీళ్లకు మధ్య ఆ మాట తప్పనిసరి. మాకైతే ఎవరూ చెప్పనక్కర్లేదు. గోడ మీద తొమ్మిదింపావు కనిపిస్తే బుర్ర తనంతట తానే తొమ్మిది అని చదువుకునేది. ఇంట్లో ప్రతివాళ్లూ పావుగంట తీసేసుకుంటుంటే ఇక ముందుకు తిప్పి లాభమేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తీసివేత చేయని మనిషి ఇంట్లో ఒక్కరే. నాన్నగారు తన గడియారాన్ని తాను పూర్తిగా నమ్మి, దాని ప్రకారమే బయల్దేరి, సర్వీసులో ఏనాడూ ఆలస్యంగా సంతకం పెట్టలేదు.

నా సంగతికొస్తే, నేను బీఎస్సీలో లెక్కలు రెండుసార్లు తప్పి, మేడమీది వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రపంచాన్ని ఏలుతున్న రోజులవి. ఆ కంప్యూటర్ కోఠిలో విడిభాగాలు ఏరుకొచ్చి బిగించింది. వేడెక్కితే దాంట్లోంచి మాడిన దుమ్ము వాసన వచ్చేది. అమ్మ దానికి పాత పట్టుచీర ముక్కతో ముసుగు కుట్టింది. ఎదురింటి యాదగిరికీ, వెనక సందులో ఉండే ఖలీల్‌కూ, ఇంకో నలుగురైదుగురికీ అప్పటికే ఇళ్లల్లో కంప్యూటర్లు వచ్చాయి. ఇంటర్నెట్ అంటే ఫోను బిల్లు, ఫోను బిల్లు అంటే ఇంట్లో లొల్లి. అందుకని మేం డాబాల మీదుగా నీలం తీగలు లాగి, కంప్యూటర్లన్నిటినీ కలిపేశాం. అందరూ ఒకేసారి ఆడే కత్తియుద్ధాల ఆట ఒకటి సీడీలో దొరికితే, దాని సర్వర్ నా గదిలో పెట్టాను. అంటే రాజ్యం నాది. ఎవరు లోపలికి రావాలన్నా నా కంప్యూటర్ తలుపు తీయాలి.

రాజ్యమన్నాక కాపలా ఉండొద్దూ? ఆ కాపలా ప్రోగ్రాము నేనే రాశాను. అక్కడ మొదలైంది నా తెలివి. ఏదో పత్రికలో చదివాను: ఇంకొకరు లోపలికి రావడానికి పంపిన మాటను దొంగవాడు పట్టి దాచుకుని, తర్వాత మళ్లీ తానే పంపి దూరిపోతాడట. దానికి విరుగుడుగా, లోపలికి రావాలనుకునే కంప్యూటర్ తన పేరు, పాస్‌వర్డ్‌తో పాటు తన టైమెంతో కూడా చెప్పాలి. అది నా కంప్యూటర్ టైముకు ఐదు నిమిషాలకు మించి తేడాగా ఉంటే తలుపు మూసేయాలి. అంతటి దొంగ లాల్‌దర్వాజా మొత్తం మీద ఒక్కడూ లేడు. అయినా రాశాను. ఇంకో తెలివి కూడా చూపించాను. కారణం చెబితే దొంగకు దారి చెప్పినట్టే కదా అని, తలుపు ఏ కారణంతో తెరవకపోయినా తెర మీద ఒకటే మాట వచ్చేలా పెట్టాను: పాస్‌వర్డ్ తప్పు.

ఆ ఆట ఆడుకుని ఊరుకుంటే బాగుండేది. మాదన్నపేటలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపే నర్సింగరావు సార్‌కు నా రాజ్యం గురించి యాదగిరి గొప్పలు చెప్పాడు. ఆయనకు తన ల్యాబులో కంప్యూటర్లన్నిటినీ కలిపి చూసుకునే మనిషి కావాలి. "సర్టిఫికెట్లు నాకొద్దు, నడిచేది చూపియ్యి. ఈ ఆదివారం గాదు, పై ఆదివారం మీ ఇంటికొస్త" అన్నారు. ఈ మాట ఇంట్లో చెప్పేసరికి నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. అప్పటికే ఆయన తెనాలిలో మా మావయ్యకు మాటిచ్చి ఉన్నారు. నేను వెళ్లి ఆయన బియ్యం మిల్లులో గుమాస్తాగా కూర్చోవాలి.

"ఆదివారం దాకా చూస్తాను," అన్నారు. "ఆయన ఉద్యోగం ఇస్తే ఇక్కడ ఉండు. లేదా సోమవారం బస్సెక్కు. మావయ్య కూడా ఎన్నాళ్లని కుర్చీ ఖాళీగా ఉంచుతాడు?"

బియ్యం మిల్లంటే నాకు గుర్తొచ్చేది ఊక. చిన్నప్పుడు ఒక సెలవంతా అక్కడ గడిపి, ఊక మెడలోకి దిగి, వారాలపాటు గోక్కున్నాను. అందుకని ప్రాణం పెట్టి సిద్ధమయ్యాను. పెద్దమనిషిని మేడమీద ఆ కొట్టుగదిలోకి ఏం తీసుకెళ్తాం అని, ఆయన రావాల్సిన ఆదివారానికి వారం ముందు, శనివారం నాడు, కంప్యూటర్‌ను కిందికి మోసుకొచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టాను. సరిగ్గా గోడ గడియారం కింద.

మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు వారం పట్టింది.

ఆ మర్నాడు ఆదివారం. నేను యాదగిరి వాళ్ల డాబా మీద తీగ సర్దుతున్న సమయంలో నాన్నగారు స్టూలు దిగి, కింద తెర మూలన అంకెలు చూశారు. గోడ మీద ఒక టైము, బల్ల మీద ఒక టైము. ఒకే ఇంట్లో రెండు టైములు ఆయన ఒప్పుకునే రకం కాదు. వాళ్ల ఆఫీసులో కంప్యూటర్ శిక్షణని పిలిచి కూర్చోబెట్టారు గానీ, దానిలోంచి ఆయనకు మిగిలిన విద్య ఒక్కటే: దేనిమీదైనా మౌసుతో రెండుసార్లు నొక్కడం. ఆ అంకెల మీద రెండుసార్లు నొక్కారు. నొక్కితే ఏం తెరుచుకుంది? గుండ్రటి డయలు, ముళ్లున్న గడియారం బొమ్మ. కంప్యూటర్ మొత్తంలో ఆయనకు చుట్టం లాంటిది ఏదైనా ఉంటే అదొక్కటే. పావుగంట ముందుకు జరిపి, మూసేసి, ఇడ్లీలు తినడానికి వెళ్లారు.

ఆ సాయంత్రం నుంచి ఎవరికీ తలుపు తెరుచుకోలేదు. నాకు మాత్రం తెరుచుకునేది. నేను కూర్చునేది సర్వర్ మీదే కాబట్టి అక్కడ తేడా అనేదే లేదు. దాంతో తప్పు నాది కాదని నాకు రూఢి అయిపోయింది.

"నీ పాస్‌వర్డ్ నువ్వే మర్చిపోయావురా," అన్నాను యాదగిరితో.

"ఏందిర నువ్వు మాట్లాడేది? మూడేండ్ల సంది అమ్మవారి పేరే పెట్టిన. అమ్మవారి పేరు మర్చిపోతనా?"

ఖలీల్ ఇంకా మండిపడ్డాడు. "సీనుభాయ్, నా పాస్‌వర్డ్ మా బక్రా పేరు! పొద్దున లేస్తే దాన్నే పిలుస్త. గా పేరు తప్పంటదేంది నీ డబ్బా?"

అందరి పాస్‌వర్డులూ మార్పించాను. కొత్తవీ తప్పే అంది. అందరి కంప్యూటర్లలో ఆటను పీకేసి మళ్లీ ఎక్కించాను. తీగల చివర్లు కోసి మళ్లీ బిగించాను. చివరికి నేరం యాదగిరి వాళ్లమ్మ మీద మోపాను. ఆవిడ మా నీలం తీగ మీద తడిచీరలు ఆరేస్తోంది. ఆవిడ చీర పిండుతూనే నన్ను ఎగాదిగా చూసింది.

"నా చీర ఆరేస్తే నీ కంప్యూటర్ కరాబైతదా? గింత బలం లేనిది ఏం కంప్యూటర్ బిడ్డా?"

అయినా పాపం వేరే దండెం కట్టించుకుంది. చీరలు అటు వెళ్లాయి, పాస్‌వర్డ్ తప్పు ఇక్కడే ఉంది. బుధవారానికి నాకు అన్నం సయించలేదు. శుక్రవారం అమ్మ తెనాలికి పెట్టాల్సిన బట్టలు ఇస్త్రీకి ఇచ్చింది. ఆ వారమంతా తెర మూలన అంకెలు నా కళ్ల ముందే ఉన్నాయి. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ గోడ గడియారంతో చక్కగా కలిసింది కాబట్టి సరిగ్గానే ఉందనుకున్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అలవాటైన తీసివేత కళ్లే చేసేసుకున్నాయి. లెక్కలు రెండుసార్లు తప్పినవాడికి ఈ ఒక్క లెక్క మాత్రం తప్పకుండా వచ్చేది.

ఆదివారం వచ్చింది. నర్సింగరావు సార్ ఇస్త్రీ సఫారీలో, చెప్పిన పదకొండుకు ముందే గుమ్మంలో ఉన్నారు. నాన్నగారు పంచె మార్చుకుని ఎదురెళ్లారు. డాబాల మీద, కిటికీల్లో మావాళ్లంతా తమ తమ కంప్యూటర్ల దగ్గర సిద్ధంగా ఉన్నారు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఎదురింటి కిటికీలోంచి యాదగిరి చెయ్యి అడ్డంగా ఊపాడు. ఖలీల్ పిట్టగోడ మీద నుంచి తొంగిచూసి, "నై హోరా భాయ్, అయితలేదు!" అని అరిచాడు. తెర మీద నా పేరు ఒక్కటే, ప్రజల్లేని రాజులాగా నిలబడి ఉంది.

"ఏమైంది బాబూ? ఒక్కనివే ఆడుకుంటవా?" అన్నారు సార్.

నేనేదో గొణుగుతున్నాను. తీగ అన్నాను, వోల్టేజీ అన్నాను. నాన్నగారు నా వంక చూడకుండా కిటికీ వంక చూస్తున్నారు. ఆయన ముఖం అంత చిన్నబోవడం నేను అంతకుముందు చూడలేదు, నాకు ఏడుపొచ్చినంత పనైంది. సార్ ఇక లేద్దామన్నట్టు గోడవైపు చూసి ఉలిక్కిపడ్డారు. "అరె, పదకొండు దాటి పావుగంటైందా?" అని చేతి వాచీ చూసుకున్నారు.

వంటింట్లోంచి అమ్మ, గరిట ఆపకుండా, "కంగారు పడకండి, మా గడియారాలు పావుగంట ముందుంటాయి" అంది.

కొన్ని వేలసార్లు విన్న మాట. ఆ రోజు మొదటిసారి చెవిలోకి వెళ్లింది. మెల్లిగా తల ఎత్తి గోడ చూశాను, దించి తెర మూల చూశాను.

"నాన్నా, ఇది కూడా మీరు..."

"మరి?" అన్నారు నాన్నగారు, ఆ పూట తనకు చెప్పుకోదగ్గ విషయం ఒకటి దొరికినందుకు కాస్త తేరుకుంటూ. "ఇంట్లో అన్నీ ఒకలా ఉంటే ఇదొక్కటీ వెనకబడితే ఎలా? పోయిన ఆదివారం నేనే సరిచేశాను. ఎవర్నీ అడగలేదు కూడా."

ఆయన ఎదుటే పావుగంట వెనక్కి జరిపాను. కిటికీలోంచి "మళ్లీ కొట్టండ్రా!" అని అరిచాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తెర మీద యాదగిరి పేరు వచ్చింది, వెంటనే ఖలీల్‌ది, ఆ వెనకే మిగిలినవాళ్లవి. "అచ్చినా! లోపల ఉన్నా!" అని యాదగిరి కేక సందంతా మోగింది. పిట్టగోడ మీద ఖలీల్ గంతులేస్తుంటే వాళ్ల మేకపోతు కూడా అరిచింది. నాన్నగారికి ఏం జరిగిందో అంతుబట్టలేదు.

"టైముకీ దీనికీ ఏమిట్రా సంబంధం?"

తొందరలో ఉన్నాను. నెట్‌వర్కు గురించి పాఠం చెప్పే ఓపిక లేదు. "ఇంట్లో టైము తేడాగా ఉంటే బయటివాళ్లు లోపలికి రాలేరు నాన్నా, అంతే," అన్నాను.

నర్సింగరావు సార్ సఫారీ బొత్తాలు ఊడేలా నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "నీ కాపలావాడు గట్టోడే గానీ, కోపమెందుకొచ్చిందో చెప్పడం నేర్పు వానికి," అన్నారు. "రేపు పదింటికి రా. మా పదింటికి, మీ ఇంటి పదింటికి కాదు."

అమ్మ ఇస్త్రీ బట్టలు తీసి బీరువాలో పెట్టింది. ఆ రాత్రి అందరికీ పాయసం. మర్నాడు పొద్దున నేను గోడవంక చూస్తే తొమ్మిదీ ముప్పావు. అంటే ఇంకా తొమ్మిదిన్నరే కదా అని ఇంకో కాఫీ తాగి, తీరిగ్గా తల దువ్వుకుని, మాదన్నపేట చేరేసరికి సార్ గుమ్మంలోనే వాచీ చూపించారు. పది దాటి పావుగంట. నేను పడుకున్నాక నాన్నగారు ఇంట్లో గడియారాలన్నిటినీ సరైన టైముకు తిప్పేశారు. ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో మొదటిరోజే ఆలస్యంగా వెళ్లిన ఘనత మా వంశంలో నాదే. సార్ ఎకసెక్కం ఆయనకు తగిలినట్టుంది, పంతానికి తిప్పేశారని నేను అనుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు అమ్మ గుమ్మంలోకి ఎవరొచ్చినా పాత మాటే అనబోయి నాలిక్కరుచుకునేది.

పాతబస్తీ మాత్రం తన పావుగంటను వదులుకోలేదు. బరాత్‌లు, బర్రెలు, అరటిపళ్ల బండి ఎప్పటిలాగే ఉన్నాయి. ముందుగా తీసి పెట్టుకున్న పావుగంట లేక నాన్నగారే వాటి మధ్య ఇరుక్కుపోయేవారు. ఒకరోజు యాదగిరి, "ఏందిర, సార్ బస్సెనక ఉరుకుతుండు? ఎన్నడు చూడలే గట్ల," అన్నాడు. నిజమే. చేతిసంచీ చంకలో ఇరికించుకుని, పంట్లాం ఒక చేత్తో పైకి పట్టుకుని, అరటిపళ్ల బండి పక్కనుంచి ఒరుసుకుంటూ పరుగెత్తడం నేనూ చూశాను. రిటైరయ్యేదాకా అలాగే పరుగెత్తారు. వయసు మీదపడి పొద్దున పనులు నెమ్మదించాయని అనుకున్నాను.

ఇప్పుడు నా పని కొన్ని వందల కంప్యూటర్లను చూసుకోవడం. అందులో సగం ఇంటినుంచే. మా ఫ్లాటులో లోపలి గదిలో మూడు కంప్యూటర్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. అవి టైమెంతో ఒకదాన్నొకటి అడిగి దిద్దుకుంటాయి, ఎవరూ స్టూలెక్కక్కర్లేదు. ఆఫీసులో కుర్రాళ్లు, "లాగిన్ అవ్వట్లేదు సార్, అన్నీ చూశాం," అని వస్తే నేను మొదట అడిగేది "టైము చూశారా?" అని. అప్పుడప్పుడు అదే అవుతుంది. వాళ్లు నన్నో మేధావిలా చూస్తారు. నేను కాదనను. కానీ ఈ ఫ్లాటు గుమ్మంలోకి వచ్చి గోడ చూసి ఉలిక్కిపడే మనిషి లేడు. వచ్చేవాడు కిందనుంచే ఫోన్ చేసి వస్తాడు, వంటింట్లోంచి కేకేసే అవసరం ఎవరికీ రాదు. ఇంగువ వాసన చిమ్నీలోంచి బయటికి వెళ్లిపోతుంది. యాదగిరి ఇప్పుడు ఏ డాబా మీద ఉన్నాడో ఫోను చూస్తే గానీ తెలియదు.

సాయంత్రం డ్రిల్లాయన వచ్చాడు. గోడకు మేకు దిగింది, గడియారం ఎక్కింది, లోలకం తగిలించాం. నాన్నగారు ఎనభై దగ్గరపడ్డ మనిషి, వద్దంటున్నా కుర్చీ ఎక్కారు. నేను నడుం పట్టుకున్నాను. కీ ఇచ్చి, నా ఫోను అడిగి తీసుకుని, దానిలో నిమిషం మారేదాకా ఆగి, ముల్లును దానిమీదికి తెచ్చారు. అద్దం తలుపులోంచి పాత నూనె వాసన వచ్చేసరికి నాకు హుషారొచ్చింది.

"ఇప్పుడు బస్సూ లేదు, ఆఫీసూ లేదు. పూర్వంలా పావుగంట ముందుకు పెట్టేయండి నాన్నా, సరదాగా ఉంటుంది," అన్నాను.

ఆయన కుర్చీ మీదనుంచే నావైపు చూశారు. వేళాకోళం చేస్తున్నానా, నిజంగా అంటున్నానా అని చూసినట్టుంది.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నారు. "లోపల గదిలో నీ కంప్యూటర్లు నడుస్తున్నాయి కదరా. ఇంట్లో టైము తేడాగా ఉంటే బయటివాళ్లు లోపలికి రాలేరని ఆవేళ నువ్వే కదా చెప్పావు? ఆవేళ్టినుంచి నేను ఒక్కనాడు ముందుకు జరపలేదు. నీ పనికి ఇబ్బంది రాకూడదని."

నడుం ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. బస్సు వెనక పరుగెత్తిన ఆ ఏళ్లన్నీ నాకోసమే. గోడ గడియారంలోంచి నా కంప్యూటర్లోకి తీగ అనేది ఏదీ లేదని ఆయనకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సినవాణ్ణి నేనే. చెప్పడానికి నోరు తెరిచాను గానీ, ఆయన ముల్లు మీద వేలు పెట్టి, నా మాటకోసం ఎదురుచూస్తున్నారు.

"ఓ అర నిమిషం వెనకుందేమో, చూడండి నాన్నా," అన్నాను.

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, నా ఫోనును మళ్లీ కళ్లకు దగ్గరగా పట్టుకున్నారు.